బట్టీలో చల్లారు గాజు
ధ్యాన భాగము: 1 రాజులు 19:1–8



గాజును కరిగించుటకు అగ్ని కావలెనని మనమందరము ఎరుగుదుము. దానిని చల్లార్చుటకును వేడిమి కావలెనని ఎందరము ఎరుగుదుము? గాజు పలకలను బట్టీలో ఒకదానిపై ఒకటి పేర్చి సుమారు 800 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమి ఇచ్చిన యెడల అవి అతుకుకొని ఒకటే యగును. అప్పుడే తలుపు తెరచిన యెడల పైభాగము ముందుగా చల్లారి గట్టిపడును. లోపలిది ఇంకను వేడిగా నుండును. అది తరువాత చల్లారి కుంచించుకొనబోగా పైభాగము కదలనీయదు. ఆ బిగువు గాజులోనే నిలిచిపోవును. అట్టి గాజు చూపునకు బాగుగానే యుండి, కొన్ని దినములకు బల్లమీద ఉన్నది ఉన్నట్లే పగులవచ్చును. కావున పనివాడు సుమారు 500 డిగ్రీల యొద్ద వేడిమిని నిలిపి, లోపలను పైనను సమమగువరకు కనిపెట్టి, పిమ్మట మెల్లమెల్లగా తగ్గించును. మందము ఎంత యెక్కువైతే కాలము అంత యెక్కువ.

1934వ సంవత్సరము డిసెంబరులో, అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రమందలి కార్నింగ్ పట్టణములో, గొప్ప దూరదర్శిని కొరకు 200 అంగుళముల వెడల్పుగల గాజు బిళ్ళను పోతపోసిరి. బరువు సుమారు 20 టన్నులు. దానిని చల్లార్చుటకు దాదాపు పది నెలలు పట్టెను. ఆ గాజే కాలిఫోర్నియాలోని పాలొమార్ కొండమీద అద్దమై నేటికిని నక్షత్రములను చూపుచున్నది.

అగ్నిలోనుండి వచ్చిన మనుష్యునికి దేవుడు ఏమి చేయునో ఏలీయాయందు చూడుడి. కర్మెలుమీద అగ్ని దిగిన కొద్ది కాలమునకే ఆ ప్రవక్త బదరీవృక్షము క్రింద కూర్చుండి చావు కోరుకొనెను. దేవుడు గద్దింపలేదు. నిద్రపోనిచ్చెను. దూతచేత రొట్టెయు నీళ్లును రెండు మారులు ఇప్పించెను. తరువాతనే హోరేబువరకు నలువది దినముల ప్రయాణము.

మన సంఘములలో భర్తను సమాధిచేసిన సహోదరి యున్నది. బిడ్డను పోగొట్టుకొన్న తల్లిదండ్రులున్నారు. భూస్థాపన దినమున ఊరంతయు వచ్చును. జ్ఞాపకార్థ కూడికలో పాటలు పాడి భోజనము చేయుదుము. మరునాటినుండి ఆ గడప త్రొక్కువారు కరవు. ఆమె ఆదివారము గుడికి వచ్చి పాడుచున్నది గనుక తేరుకొన్నదని అనుకొందుము. పైన చల్లారినది, లోపల మండుచున్నది. అట్టివేళ "ఇంకను ఏడ్చుట విశ్వాసమా?" అని మనము పలుకు మాట, తెరచిన బట్టీలోనికి కొట్టిన చలిగాలి వంటిది.

ప్రియులారా, సంఘమే ఆ బట్టీగా ఉండవలెను. మూడవ నెలలోను ఆరవ నెలలోను ఆ యింటికి పోవుదము. కోతల దినములలో ఆమె చేనికి నలుగురము పోవుదము. పిల్లల చదువు విచారింతము. ప్రసంగము అక్కరలేదు; దూత రొట్టె తెచ్చినట్లు గిన్నెడు కూర తీసికొని పోయిన చాలును. ఏడ్చువారితో కూడ ఏడ్వవలెనని రోమా 12:15లో పౌలు బోధించెను గాని దానికి గడువు పెట్టలేదు.

ఇంకను మనస్సు కుదుటపడలేదని సిగ్గుపడుచున్న వారలారా, మీ ప్రేమ లోతైనది గనుక కాలము పట్టుచున్నది. ప్రభువు తొందరపడువాడు కాడు. ఆయన మనలను ఒకరికొకరము వెచ్చదనమై యుండునట్లు చేయును గాక. ఆమేన్.