జడభరతుని నడక

శ్రీమద్భాగవత పంచమ స్కంధమున జడభరతుని వృత్తాంతము కలదు. చెప్పిన చదువునకు ఒదుగక, అడిగినదానికి తగిన బదులీయక యుండిన ఆ విప్రకుమారుని లోకము జడుడని తలచినది. సింధుసౌవీర ప్రభువగు రహూగణుని పల్లకి మోయుటకు అతనిని పట్టి తెచ్చిరి. పాదము క్రింద ఏ ప్రాణి నలుగునోయని నేల చూచుకొనుచు అడుగిడుటచేత అతని నడక తక్కిన బోయీల నడకతో కలియలేదు. రాజునకు కుదుపు తెలిసినది గాని కారణము తెలియలేదు.

నడక కలియని పిల్లలు నేటి ఇండ్లలోను ఉన్నారు. 1943లో లియో కానర్ అను వైద్యుడు వివరించిన ఆటిజము, మనసు ఒకచోట నిలువని అవధానలోపము, అక్షరముల వద్ద చిక్కుపడు డిస్లెక్సియా - వీటినన్నిటిని మందబుద్ధి యని ఒకే గాటన కట్టుట తగదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ఆటిజమును, అభ్యసన వైకల్యములను పేర్కొన్నది.

అట్టి బిడ్డను యాత్రకు తీసికొనిపోవచ్చునా? ఉయ్యాలవాడ, ఆళ్లగడ్డ సీమలోని కుటుంబములకు ఇది ఊరక పుట్టిన ప్రశ్న కాదు. అహోబిలము వారికి చేరువ. పదిమందికి మంగళధ్వనియైన గంట ఒక బిడ్డ చెవికి భరింపరాని బాధ కావచ్చును. అతడు చెవులు మూసికొని అరచును. వరుసలో వెనుకనున్నవారు పెంపకమును నిందింతురు. ఆ నిందకు వెరచి బిడ్డను అవ్వ వద్ద విడిచి వెళ్ళువారు లేకపోలేదు.

అయితే అహోబిలము గర్భాలయముతో ముగియు క్షేత్రము కాదు. నవనారసింహ సన్నిధులు నల్లమల కొండలలో చెదరి యున్నవి. ఎగువ అహోబిలమున భవనాశిని కలదు. చెట్టునీడ ఎవ్వరిని తొందరపెట్టదు. అవధానలోపముగల 17 మంది పిల్లలు ఉద్యానవనమున 20 నిమిషములు నడచిన పిమ్మట, నగరవీథులలో నడచినప్పటికంటె మనసు బాగుగ నిలిపిరని 2009లో అమెరికా పరిశోధకులు ప్రకటించిరి. అది చిన్న పరీక్ష. కొండ ఎక్కినంతనే మాట వచ్చునని ఆశపెట్టువారిని నమ్మరాదు.

మేలు కలుగనిచో తీసికొనిపోనక్కరలేదా? ఇంటిల్లిపాది బయలుదేరుచుండగా ఆ బిడ్డ వెంట వచ్చుటకు మాత్రము లాభము చూపవలెననుట న్యాయము కాదు. ఆటవస్తువులను విడిచి ప్రహ్లాదుడు జడునివలె నుండెనని సప్తమ స్కంధము చెప్పును. అది భక్తిపారవశ్యము, దానిని ఆటిజముతో కలిపివేయరాదు. కాని మౌనమును చూచి లోపల శూన్యమని తీర్పు చెప్పుటకు ఆ కథ అడ్డుపడును.

జనము పలుచనగు వేళ చూచుకొని బయలుదేరవలెను. దారి ఎట్లుండునో బొమ్మలతో ముందుగనే చూపవలెను. నీటివైపు పరుగెత్తు పిల్లలు కలరు. ఏటి వద్ద చేయి విడువరాదు. బిడ్డ ఒక బండపై అరగంట కూర్చుండెనేని తొమ్మిది సన్నిధులలో రెండు తప్పవచ్చును. అవి మరియొక యాత్రకు ఉండును.