మాట వినడం

"మావాడు మాట వినడమ్మా!" అని వాపోని తల్లి ఎక్కడైనా వుంటుందా? పోనీ వాడికి చెవులు పనిచెయ్యవా అంటే, వీధి చివర ఐస్‌ఫ్రూట్ బండి గంట వాడికి పెరట్లోకి వినబడుతుంది. అయినా మనం "వినడు" అనే అంటాం. మన తెలుగులో వినడమంటే చెవిన పడడం కాదు, చెప్పింది చెయ్యడం.

మా కె.డి.పేటలో, అంటే కాగితాల మీద కృష్ణదేవిపేట, అల్లూరి సీతారామరాజు సమాధి వున్న వూరు, మా పక్కింటి టీచరుగారు క్రైస్తవురాలు. పుట్టిల్లు ఒంగోలు. నేను క్రైస్తవురాలిని కాను. అయినా ఇద్దరం కూర్చుని వడియాలు పెడుతూంటే మాటల మధ్యలోకి దేవుడూ వస్తూంటాడు. ప్రార్థనంటే మనకి కావలసినవి అడగడమే కాదట, అటునుంచి చెప్పేది వినడం కూడానట. ఏసుప్రభువు చెప్పిన కథ ఒకటి చెప్పారావిడ. తోటలో పనికి వెళ్ళమని తండ్రి చెబితే, ఒక కొడుకు వెళ్ళనని మొహం మీదే అనేసి, తరవాత మనసు మార్చుకుని వెళ్ళాడు. రెండోవాడు వినయంగా సరేనన్నాడు, ఆ ఛాయలకే పోలేదు. ఇద్దరిలో మాట విన్నదెవరు? పిల్లల్ని పెంచినవాళ్ళకి ఈ ప్రశ్నకి జవాబు ఎవరూ చెప్పనక్కర్లేదు. రెండోరకంవాళ్ళు గుళ్ళోనూ వున్నారు, చర్చిలోనూ వున్నారు సుమండీ!

నా సందేహం వేరు. చెప్పింది దేవుడో, మన కోరికే దేవుడి గొంతు అరువు తెచ్చుకుని మాట్లాడుతోందో తెలిసేదెలా? దేవుడు చెప్పాడని కత్తులు పట్టినవాళ్ళూ లోకంలో వున్నారు గదా!

దానికి టీచరుగారు వాదనలోకి దిగలేదు. తమ పుట్టింటి వూరి సంగతి చెప్పారు. జాన్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ 1866లో ఒంగోలు వచ్చి స్థిరపడ్డాడు. పై కులాలవాళ్ళు ఆయన్ని ఆదరించారు. అంతలో, వూరు వెలిగా వుంచిన మాదిగలు క్రీస్తు మతంలోకి రాసాగారు. "వాళ్ళని చేర్చుకుంటే మేం రాం" అన్నారు పెద్దలు. పెద్దల్ని వదులుకుంటే వున్న పలుకుబడి కాస్తా పోతుంది. దొర దిక్కుతోచక తన గదిలో బైబిలు తెరిచాడు. పౌలు కొరింథీయులకు రాసిన మొదటి ఉత్తరం వచ్చింది. దేవుడు పిలిచినవారిలో గొప్పవాళ్ళు ఎక్కువమంది లేరనీ, లోకం తక్కువగా చూసినవాళ్ళనే ఆయన ఏరుకున్నాడనీ చెప్పే చోటు అది. ఇంకో గదిలో ఆయన భార్య, భర్త సంగతి తెలియకుండానే, సరిగ్గా ఆ చోటే తెరిచిందట.

ఇద్దరికీ ఒకే పుట తగలడం గొప్ప మహిమ అంటారు టీచరుగారు. నాకు అది అంత గొప్పగా అనిపించలేదు. పుస్తకం తెరిస్తే ఏదో ఒక పుట రాకమానదు. నన్ను పట్టుకున్నది వేరే. వచ్చిన మాట ఆయనకి నష్టం తెచ్చే మాట. దాన్ని పక్కన పెట్టి మరో పుట తిప్పితే అడిగేవాళ్ళెవరు? తిప్పలేదు. మాదిగల్ని చేర్చుకున్నాడు, పెద్దలు దూరమయ్యారు. ఈ మాటే నేనంటే, "అదేనండీ వదినగారూ! కత్తి పట్టినవాడు విన్న మాటకి ఖర్చు ఎదటివాడిది. ఈయన విన్నదానికి ఖర్చు ఈయనది" అన్నారావిడ.

ఆ మాట నాకు నచ్చింది. సందేహం పూర్తిగా తీరిందని మాత్రం చెప్పను. తన ఒంటిని తనే మాడ్చుకుంటూ అది దేవుడి ఆజ్ఞ అనుకునే పిచ్చి భక్తురాళ్ళు మనలో లేరూ?

అయితే తరవాత జరిగింది వినండి. 1876 మొదలు 1878 దాకా పెద్ద కరువు. క్లౌ దొర బకింగ్‌హామ్ కాలవ తవ్వకంలో మూడున్నర మైళ్ళ పని కాంట్రాక్టుకి తీసుకుని, ఆకలిగొన్నవాళ్ళకి కూలి ఇప్పించాడు. కావాలంటే అప్పుడు ఎన్ని వేలమందినైనా మతంలో కలుపుకోవచ్చు. కూటికోసం వచ్చారన్న మాట రాకూడదని, కరువు కాలమంతా బాప్తిస్మాలు ఆపేశాడు. అడిగినవాళ్ళని అడిగినట్టే వెనక్కి పంపాడు. కరువు పని ముగిశాక వాళ్ళు మళ్ళీ వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. నీళ్ళలో నిలబడి ఇచ్చింది దొర కాదు, ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరి తరవాత ఇద్దరు.