వండేది కాదు, తినేది

మొన్న మార్గశిరంలో తిరుపతిలో ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. నేలమీద కూర్చుంటే గోడ పట్టుకోనిదే లేవలేకపోతున్నాను. నలభై ఆరేళ్ళకే ఇదేం ముసలితనమని బెంగ.

ఆవిడ మాత్రలు రాయలేదు. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి అయిదుసార్లు లేచి కూర్చోమంది. మూడోసారికే నా చేతులు వాటంతటవే పోయి బల్లను పట్టుకున్నాయి.

"రోజూ ఏం తింటారు?" అంది.

నేను గొప్పగా ఏకరువు పెట్టాను. పప్పుచారు, ఉలవచారు, ఈ కాలంలో పితికిపప్పు, శనివారం తప్ప మిగతా రోజుల్లో గుడ్లు, రాత్రికి పాలు...

ఆవిడ నవ్వి, "ఇవన్నీ మీరు వండేవి. మీరు తినేవి చెప్పండి" అంది.

నా నోట మాట రాలేదు. నిజం చెప్పొద్దూ, నేను తినేది అన్నం, గిన్నె అడుగున మిగిలిన పులుసు, ఆపైన మజ్జిగ. గుడ్డు పిల్లలకి, పాలు ఆయనకీ అత్తగారికీ.

మా చంద్రగిరి వైపు పితికిపప్పు సంగతి మీకు తెలుసో లేదో. అనపగింజలు రాత్రి నానబెట్టి, పొద్దున ఒక్కో గింజనూ వేళ్ళ మధ్య పితికితే తొక్క ఊడి పప్పు బయటికి జారుతుంది. శేరు గింజలు పితికేసరికి గోళ్ళు నల్లబడతాయి. పితికే చేతులన్నీ ఆడవాళ్ళవే. వడ్డన పూర్తయ్యాక ఆ చేతులకు దక్కేది మసాలా పులుసు! ఎండు అనపగింజల బరువులో అయిదో వంతుకు పైగా మాంసకృత్తులే. ఉలవలూ అంతే. మన చెనక్కాయల్లో పావు వంతు. ఒక గుడ్డులో ఆరు గ్రాములు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాము కావాలి. అంటే 55 కిలోల మనిషికి దాదాపు 46 గ్రాములు. బియ్యంలోనూ కొంత ఉంది కాని, అందులో తక్కువైనదాన్ని పప్పుగింజలు పూరిస్తాయి. అన్నంలోకి పప్పు, సంగటిలోకి ఉలవచారు అని పెద్దలు పెట్టింది అందుకే కాబోలు. ఆ గింజ కాస్తా పక్క పళ్ళెంలోకి పోతే మనకు మిగిలేది సగం భోజనం.

డాక్టరమ్మ ఇంకో మాట చెప్పింది. ఒంట్లో కొవ్వుకు నిల్వ గది ఉందిట, మాంసకృత్తులకు లేదు. కండే వాటి కొట్టుగది. తిండిలో తక్కువైతే గుండెకూ కాలేయానికీ కావలసింది కండ తనలోంచి తీసి ఇస్తుంది. వింటుంటే నాకు మన ఆడవాళ్ళే గుర్తొచ్చారు. కండ కూడా ఇంటి ఇల్లాలే అన్నమాట! అయితే ఒంటికి ఇది కరువు రోజుల ఏర్పాటు. ఏళ్ళతరబడి ఇస్తూ పోతే మనిషి లేవలేదు.

మా అవ్వ కథ అదే. "మా అవ్వది పిట్ట తిండి" అని ఇంటిల్లిపాదీ మురుసుకునేవాళ్ళం. "నాకేముందిలేమ్మా, మజ్జిగ పోసుకోని తింటాలే" అనేది. వానల్లేని ఏళ్ళలో ఆమె అలా తినకపోబట్టే మా నాయనా వాళ్ళూ బతికి బట్టకట్టారు. ఆ మాటను నేను తేలిక చేయను. దానికి చేతులెత్తి దణ్ణం పెడతాను. కాని కరువు పోయింది, కొట్టు నిండింది, అవ్వ మజ్జిగన్నం మాత్రం మారలేదు. చివరి రెండేళ్ళూ మంచం మీంచి తనంతట తాను లేవలేకపోయింది. ఎత్తి కూర్చోబెట్టింది మా అమ్మ. అలా ఎత్తీ ఎత్తీ అమ్మ నడుం పోయింది.

ఇది త్యాగమేనా? నాకు తోచింది చెబుతాను. త్యాగమంటే మనం ఇవ్వకపోతే ఎదుటివాళ్ళకు లోటు జరగాలి. ఇస్తున్నామన్న ఎరుక మనకుండాలి. మా ఆయన మూడోసారి వేయించుకునే పితికిపప్పు ఆయనకు లోటూ కాదు, వేస్తున్నానన్న ఎరుక నాకూ లేదు. అది అలవాటు. పైగా దాని ఖర్చు మనతో పోదు, కోడలి నడుం మీదో కూతురి నడుం మీదో పడుతుంది. ఊరికే వచ్చే పుణ్యం ఎక్కడుంది చెప్పండి!

ఈ అలవాటు సర్కారుకు కూడా తెలుసనుకుంటాను. 2013లో అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన అమృత హస్తం పథకంలో గర్భిణులకూ బాలింతలకూ అన్నం, పప్పు, గుడ్డు, పాలు అంగన్‌వాడీలోనే కూర్చోబెట్టి పెట్టారు. గుడ్డును ఇంటికి పట్టుకుపోతే అది ఎవరి పళ్ళెంలోకి చేరుతుందో మనకు తెలియందా? మా ఊరి కోటలో రాజమహలూ రాణిమహలూ పక్కపక్కనే ఉంటాయి. పాపం, రాణిగారు కూడా రాజుగారు చేయి కడిగాకే కూర్చునేదేమో!

తినడం ఒక్కటే చాలదు, కండకు పని చెప్పాలి, రోజూ అలా లేచి కూర్చోవాలి అని కూడా డాక్టరమ్మ చెప్పింది. మూత్రపిండాల జబ్బున్నవాళ్ళు మాత్రం డాక్టరును అడక్కుండా ఏదీ పెంచకూడదుట.

సంక్రాంతికి మళ్ళీ పితికిపప్పు చేశాను. ఈసారి వడ్డనకు ముందే ఇంట్లో ఎంతమందో అన్ని గిన్నెల్లోకి తీశాను. అత్తగారు గుమ్మంలోనే నిలబడి, "మగోళ్ళు కానీలేమ్మా" అంది.

"అందరికీ ఉంది. కూచో అత్తా" అన్నాను.

కూర్చుంది. రెండుసార్లు ఆమె చేయి గింజలు తీసి మనవడి పళ్ళెం వైపు పోయింది. రెండుసార్లూ మా అమ్మాయి నవ్వుతూ ఆ చేయి పట్టుకుని ఆపింది.

నేను మనసులో నవ్వుకుని నా పళ్ళెం చూసుకున్నాను. గింజలన్నీ ఓ పక్కకు నెట్టి ఉన్నాయి. ఎవరికోసం దాచానో నాకే తెలియదు.

కలుపుకుని తినేశాను.