తప్పించుకొని వచ్చినవారికి చోటు

ధ్యాన భాగములు: ద్వితీయోపదేశకాండము 23:15, 16, అపొస్తలుల కార్యములు 23:12-24



సికింద్రాబాదు స్టేషనులో రైలు దిగి, కాగితముల సంచి చేతబట్టుకొని, పాసుపోర్టు ఆఫీసుకు దారి అడుగుచున్న మన పల్లెల స్త్రీలను మేము పలుమారు చూచియున్నాము. కొందరి ప్రక్కన భర్తయో తండ్రియో ఉండును. మరి కొందరి ప్రక్కన ఏజెంటు ఉండును. పొలము ఎండి, అప్పు పెరిగి, దూరదేశమునకు పనికి పోవుట పాపము కాదు. రూతు సహితము పరదేశమున పరిగె యేరుకొనెను. అయితే రూతునకు బోయజు పొలము దొరకెను. మన బిడ్డలలో కొందరికి బోను దొరకుచున్నది.

ఇది ఊహించి చెప్పు మాట కాదు. కృష్ణా జిల్లా వెల్వడమునుండి అమెరికాకు పోయి, బర్క్‌లీ పట్టణమున అనేకమైన అద్దె ఇండ్లకు యజమానుడైన లకిరెడ్డి బాలిరెడ్డి, పేదల ఆడపిల్లలను మోసపు వీసాలతో అక్కడికి రప్పించెను. 1999 నవంబరులో అతని ఇండ్లలో ఒకదానియందు విషవాయువు నిండి 17 ఏండ్ల బాలిక చనిపోయెను. కొందరు ఒక పిల్లను తివాచీలో చుట్టి మోసికొని పోవుట దారిన పోవు ఒక స్త్రీ చూచెను. పరాయివారి గొడవ మనకేల యని ఆమె సాగిపోలేదు. ఆగి, అడ్డుపడి, పోలీసులను పిలిపించెను. 2001లో అతడు నేరము ఒప్పుకొనగా న్యాయస్థానము 97 నెలల చెరశిక్ష విధించి, 20 లక్షల డాలర్ల పరిహారము చెల్లింపుమనెను.

ప్రియులారా, ఇట్టి బోనులో నున్న పిల్ల ఏల నోరు తెరువదో ఆలోచించితిరా? ఆమె కాగితమే దొంగది. నిజము చెప్పిన యెడల మొదట చిక్కునది తానే యని భయము. ఆ భయమే యజమానుని చేతిలోని గొలుసు.

ఆ గొలుసును తెంచుటకై 2000 అక్టోబరులో అమెరికా దేశము ఒక చట్టము చేసెను. మనుష్యుల అక్రమ రవాణాకు గురియైనవారికి ‘టి’ వీసా, కొన్ని ఘోరమైన నేరములకు గురియై పోలీసులకు సహాయపడువారికి ‘యు’ వీసా ఏర్పడెను. ఏటేటా మొదటిది 5,000 మంది బాధితులకు, రెండవది 10,000 మంది బాధితులకు మించకుండ ఇయ్యవచ్చును. ‘టి’ వీసా గలవారు సాధారణముగా 4 సంవత్సరముల వరకు అచ్చట నిలిచి పని చేసికొనవచ్చును. పోలీసులు న్యాయముగా కోరిన సహాయము వారు చేయవలెను. అయితే 18 ఏండ్లు నిండకమునుపే చెరపట్టబడినవారికి ఆ నిబంధన లేదు.

ఇది క్రొత్త మాటయా? కాదు. పారిపోయిన దాసుని దాచినవానికి మరణశిక్ష అని బబులోను రాజైన హమ్మురాబి శాసనము. మోషే ధర్మశాస్త్రమైతే, వానిని యజమానునికి తిరిగి అప్పగింపవద్దనియు, తనకిష్టమైన ఊర నివసింపనిచ్చి బాధపెట్టక యుండవలెననియు చెప్పుచున్నది.

మరియు పౌలు మేనల్లుని చూడుడి. నలువదిమందికి పైగా ఒట్టు పెట్టుకొని పౌలును చంప పొంచియుండగా, ఆ పిల్లవాడు ధైర్యము చేసి వర్తమానము తెచ్చెను. సహస్రాధిపతి వాని చేయి పట్టుకొని, ప్రత్యేకముగా తీసికొనిపోయి విని, ఈ సంగతి తనకు తెలిపినట్టు ఎవరితోను చెప్పవద్దని ఆజ్ఞాపించి పంపెను. సాక్షిని కాపాడుట అనగా ఇదియే.

మేమొక తప్పు ఒప్పుకొనవలసియున్నది. విదేశమునుండి తప్పించుకొని వచ్చిన ఒక సహోదరి మా గుమ్మమున నిలిచి తన బాధ చెప్పుకొనబోగా, “ఊరుకో అమ్మా, పరువు పోవును” అని పంపివేసితిమి. ఆ ఏజెంటు మరి యిద్దరిని పంపిన తరువాత మాకు కన్ను తెరువబడెను. పరువు కాపాడితిమనుకొంటిమి, కాపాడినది ఏజెంటునే.

మన దేశమందును సాక్షుల రక్షణ పథకమును అన్ని రాష్ట్రములు అమలు చేయవలెనని 2018 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆజ్ఞాపించెను. బెదిరింపబడిన సాక్షి, జిల్లా న్యాయాధిపతి అధ్యక్షతన ఉండు కమిటీకి అర్జీ పెట్టుకొనవచ్చును. పోలీసు సహాయమునకు 112, పిల్లల కొరకు 1098 అను ఫోను నంబర్లు గలవు. వీటిని గుడి గోడమీద వ్రాయించుడి.

అయితే చట్టము గుమ్మము తెరచినను, ఊరు మూసివేసిన యెడల ఆమె ఎక్కడ నిలుచును? తిరిగి వచ్చిన సహోదరిని ప్రభువు బల్ల యొద్ద ఓరచూపు చూడకుడి. ఏమి జరిగెనని గుచ్చి గుచ్చి అడుగకుడి. ఆమె చెప్పదలచిన దినమున వినుడి. స్టేషనుకు వెళ్లవలసివచ్చినచో ఇద్దరు పెద్దలు, ఒక స్త్రీ ఆమెకు తోడుగా నడువుడి.

తప్పించుకొని వచ్చినవారికి మన మధ్య చోటుంచు హృదయమును ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.