విశ్వాసియు వ్రాతపనియు

వ్రాతవలన జీవించువానికి యజమాని యుండును. ఆ యజమాని రాజు కావచ్చును, ప్రకాశకుడు కావచ్చును, పాఠకుడు కావచ్చును. అయితే దైవము పేరిట కలము పట్టినవానికి యజమాని యెవ్వడు? మా క్రైస్తవ సోదరులలో పెక్కుమంది ఈ ప్రశ్నకు క్షణమైన నాలోచింపక ‘దేవుడే’ యని బదులు చెప్పుదురు. నేనును ఒకప్పు డట్లే చెప్పితిని. ఆ బదులు అబద్ధము కాదు. కాని దాని చాటున ఎన్ని యబద్ధములు దాగగలవో నా మొదటి పుస్తకము నాకు నేర్పినది.

హైదరాబాదు పాతనగరమున ఛత్తాబజారు కలదు. పెండ్లిపత్రికల ముద్రణకును, ఉర్దూ వ్రాతగాండ్రకును ఆ వీధి పేరుపడినది. కంప్యూటరు రాకముందు ఉర్దూ పుటలను కాతిబులు రెల్లుకలముతో చేతివ్రాత వ్రాయగా, ఆ వ్రాతనే ముద్రించువారు. నా చిన్ననాట మా యింటి పెండ్లిపత్రిక కొరకు నన్నొక ముసలి కాతిబు నొద్దకు పంపిరి. ఒకవైపు తెలుగు, ఒకవైపు ఉర్దూ కావలెను. ఆయన వ్రాయుచుండగా నేను ప్రక్కన కూర్చుంటిని. కలపు మొనతో చుక్కలు పెట్టి, ఆ చుక్కలతో అక్షరపు పొడవు, వంపు కొలుచుటయే ఆ విద్యకు మూలము. శిష్యుడు మొదట విడియక్షరములను, పిదప కూడికలను ఏండ్లతరబడి దిద్దవలెను. అటుపిమ్మటనే సొంతవ్రాత.

నేను ఊరకుండలేక, నేనును రచయితనే యనియు, దేవుని కొరకు వ్రాయుచు కాసైన పుచ్చుకొననివాడ ననియు చెప్పుకొంటిని.

“ఎవరి యొద్ద నేర్చుకొంటివి, బేటా?” అని ఆయన అడిగెను.

“ఎవ్వరి యొద్దను లేదు, ఉస్తాద్. ప్రార్థించి వ్రాయుదును.”

ఆయన తల యెత్తకయే నవ్వెను. “నమాజు నేనును చేయుదును. అలిఫు మాత్రము ఉస్తాదు చేతి దెబ్బలు తిని నేర్చుకొంటిని.”

ఆ మాట నాకు గ్రుచ్చుకొన్నది. గ్రుచ్చుకొనవలసినదే. మనలో దైవప్రేరణము వ్యాకరణదోషములకు మందుగా వాడబడుచున్నది. వాక్యము కుంటినను ‘భావము మంచిది కదా’ యందురు. కథ చప్పబడినను ‘ఉద్దేశము పవిత్రము కదా’ యందురు. బల్ల చేయు వడ్రంగికి ఇట్టి క్షమాపణ యెవ్వరిత్తురు? లూకా తన సువార్త కారంభమున తాను సంగతులన్నిటిని మొదటినుండి తరచి తెలిసికొని వరుసగా వ్రాయుచుంటినని థెయొఫిలాకు విన్నవించుకొన్నాడు. విచారణ, వరుస, పాఠకుడు: ఈ మూడును పనివాని మాటలు. ఆయనకు లేని మినహాయింపు మనకెక్కడిది?

తెలుగునాట ఈ మినహాయింపు కోరని పెద్దలు లేకపోలేదు. పురుషోత్తమ చౌధరి (1803–1890) క్రీస్తును కీర్తించుటకు క్రొత్త సంగీతమును వెదకలేదు. ఈ దేశపు రాగములను, తాళములను చేపట్టెను. నేటికిని మా కీర్తనల పుస్తకమున పాటకు తలకట్టుగా రాగము పేరును, తాళము పేరును అచ్చగుచున్నవి. ఇల్లు మారినను గురువును మరువలేదన్నమాట. హెన్రీ మార్టిన్ క్రొత్తనిబంధనమును హిందూస్తానీలోనికి తెచ్చునప్పుడు మీర్జా ఫిత్రత్ అను మున్షీ ప్రక్కన కూర్చుండెను. ఆ గ్రంథము 1814లో శ్రీరామపురమున అచ్చైనది. ధర్మమొకరిది, నుడికార మొకరిది. పాతనగరములో పెరిగిన నాకు దీనియందు వింత యేమియు కానరాదు. ఇచ్చట పెండ్లిపత్రిక సైత మట్లే తయారగును.

ఇక జాషువ. ఆయనను తలపక తెలుగులో ఈ విషయమును ముగింప వీలులేదు. 1895లో వినుకొండలో పుట్టిన ఆ కవి బడిపంతులై, రాజమహేంద్రవరమున మూకీచిత్రములకు కథ వినిపించువాడై, వార్ధకమున చెన్నపురి ఆకాశవాణి యుద్యోగియై పొట్ట పోసికొన్నాడు. 1941లో ‘గబ్బిలము’ వ్రాసి, అంటరానివాని మొరను కాశీలోని శివునకు పంపినాడు. క్రైస్తవునకు శివుని గొడవ యేమని మతపెద్దలు ఆక్షేపించిరి. అంటరానివానికి కవిత్వ మేమని పండితులు అవమానించిరి. రెండు వాకిండ్లను మూసినను ఆయన పద్యమును విడువలేదు. ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో సాహిత్య అకాడమీ బహుమానము వచ్చినది. దానిని మెచ్చినవారిలో గబ్బిలమును మరువజూచువారును కలరు. ఆ కవి చేయి రెంటను ఒక్కటే. ఆ చేయి గబ్బిలము నొద్ద దొంగదై, క్రీస్తు నొద్ద పవిత్రమైనదని చెప్పుట నాకు చేతకాదు.

సొమ్ము మాట మిగిలినది. పోతన భాగవతమును రాజుల కమ్మక శ్రీరామున కర్పించి హలము పట్టినాడనియు, శ్రీనాథుడు రాజసభల ననుభవించినాడనియు మనము పిల్లలకు కథగా చెప్పి, మొదటివానిని దేవతను చేసి రెండవవానిని చిన్నబుచ్చుదుము. కాని పోతనకు హలమున్నది. హలము లేనివా డేమి చేయవలెను? పౌలు కొరింథులో గుడారములు కుట్టి బ్రతికెను. సువార్తికుడు కూలికి అర్హుడని వాదించినవాడును ఆయనయే. వాదించి, తాను పుచ్చుకొనకుండుట ఆయన యిష్టము, పుచ్చుకొనువారిని దూషింపలేదు. మిల్టను 1667లో తన మహాకావ్యమును ఐదు పౌనులకు విక్రయించెను. వెల తక్కువైనదని నవ్వవచ్చును గాని విక్రయించినందున కావ్యము చెడలేదు. ఛత్తాబజారు ముసలి కాతిబు పంక్తి కింత యని లెక్కగట్టి పుచ్చుకొన్నాడు. ఉచితముగా వ్రాసినచో చేయి సోమరియగునని ఆయన నమ్మకము. ఆ మాట మా సంఘములలో గోడల మీద వ్రాయదగినది. కూలి పుచ్చుకొనుట వలన ధర్మము చెడదు. కూలి యిచ్చువాడు సత్యమును కొనుటకు వచ్చినప్పుడు చెడును.

నా కట్టి బేరమే వచ్చినది. మా తల్లి జీవితమును నూటయిరువది పుటలలో వ్రాసి, మత గ్రంథములు వెలువరించు ఒక సంస్థవారికి చూపితిని. చదివి మెచ్చిరి. వేయి ప్రతులు అచ్చు వేయుదుమనిరి. నాకు కొంత సొమ్మును ఇచ్చెదమనిరి. ఒక్క యధ్యాయము మాత్రము వారికి సరిపడలేదు. మా తమ్ముడు పండ్రెండవ యేట పోయిన పిదప మా తల్లి పదునాలుగు నెలలు ప్రార్థన మానినది. గుడికి వచ్చును, కూర్చుండును, పెదవి కదల్పదు. మరల ఎప్పుడు, ఏల మొదలిడినదో ఆమె యెన్నడు చెప్పలేదు. ఈ భాగమును తీసివేసి, ఆమె ఆ దుఃఖమునందును స్తుతించుచుండెనని రెండు వాక్యములు చేర్పుమనిరి. చదువరులకు ఆదరణ కావలెను గాని సందేహము కాదనిరి.

ఆ మాటలో బలము లేదనను. శోకములో నున్నవాడు పుస్తకము కొనునది గాయము రేపుకొనుటకు కాదు. వైద్యుడు సైతము రోగికి అన్నియు చెప్పడు. నేను నాకీ న్యాయమునే చెప్పుకొని, రెండు వాక్యములు వ్రాసి యిచ్చి, ఒడంబడికపై చేవ్రాలు చేసితిని. మా చెల్లెలు ప్రతి నందుకొని చదివి, “అన్నయ్యా, ఈమె యెవరు?” అని మాత్ర మడిగినది.

ఆ యేటనే బిడ్డను పోగొట్టుకొన్న యొక తల్లి నాకు జాబు వ్రాసెను. మీ యమ్మగారి వంటి విశ్వాసము నాకు లేదని మీ పుస్తకము వలన తెలిసినది, నేను ప్రార్థింపలేకున్నాను, ఇక గుడికి వెళ్ళుటకు సిగ్గగుచున్నది, అని దాని సారాంశము. ఆదరణ పేరిట నే నమ్మినది ఆమె చేతికి ఇట్లు చేరినది. వైద్యుని పోలిక అప్పుడు విరిగిపోయెను: వైద్యుడు చెప్పక మానవచ్చును, లేని యారోగ్యమును ఇతర రోగుల కెదుట ప్రదర్శింపడు. మా వేదమే ఆ పని చేయలేదు. యోబు తన పుట్టినదినమును శపించుట అందున్నది. శిష్యులలో పెద్దవాడు కోడికూతకు ముందు మూడుమారులు బొంకుట నాలుగు సువార్తలయందును ఉన్నది. తమ సంఘమునకు మచ్చ యని ఆ నలుగురిలో ఒక్కరును దానిని దాచలేదు.

ఆమెకు వారము దినములు బదులు వ్రాయలేకపోతిని. పిదప తీసివేసిన యధ్యాయమును చేతివ్రాతతో నకలు తీసి, ఇది నిజమని పైన వ్రాసి, పంపితిని.

తరువాత మరల అచ్చు వేయింపబోగా, హక్కులు నావి కావని తేలెను. చేవ్రాలు చేసిన కాగితమును నేను చదువలేదు. దేవుని పనిలో కాగితములు చదువుట అవిశ్వాసమని నా యూహ! ఒక న్యాయవాది మిత్రుడు దానిని తిరుగవేసి, అందు కాలపరిమితి లేదని చూపెను. మన 1957వ సంవత్సరపు గ్రంథస్వామ్య చట్టము ప్రకారము, గడువు చెప్పని బదలాయింపు ఐదేండ్లకే చెల్లును. అటుపిమ్మట హక్కు రచయితకు మరలును. కనుక కాచుకొంటిని. వ్రాతపనిలో ఈ భాగమును కూడ ఉస్తాదు నొద్ద నేర్చుకొనదగినదే. చేవ్రాలు సైతము వ్రాతయే కదా.

క్రిందటి నెలతో ఐదేండ్లు నిండినవి. వ్రాతప్రతిని తీసికొని ఛత్తాబజారునకు వెళ్ళితిని. ఆ కాతిబు కూర్చుండిన కొట్టున ఇప్పుడు కంప్యూటరున్నది. ముద్రాపకుడు పుటలు లెక్కించి, ఆ యధ్యాయమును చేర్చినచో ఇంకొక పదునారు పుటల ఫారము పెరుగును, వెల పెరుగును, తీసివేయరాదా యని యడిగెను. తీయరాదని చెప్పి, బయానా చెల్లించి వచ్చితిని.