లెక్కలు రాకపోతే ఎకనామిక్స్ వద్దా?

ఇంటర్లో సీఈసీ చదివి, డిగ్రీలో ఎకనామిక్స్ తీసుకోవాలంటే చాలామంది పిల్లలకు లెక్కల భయం.

అమెరికాలో ఎలినార్ ఆస్ట్రమ్ అనే ఆవిడ చదువుకునే రోజుల్లో, ఆడపిల్లకు త్రికోణమితి ఎందుకన్నారు. తర్వాత ఆ లోటే చూపి ఆర్థికశాస్త్రంలో పీహెచ్‌డీ సీటు ఇవ్వలేదు. ఆవిడ రాజనీతిశాస్త్రంలో చేరి, లాస్ ఏంజిలస్ వైపు జనం భూగర్భజలాన్ని ఎలా పంచుకుంటున్నారో, ఎలాంటి కట్టుబాట్లు పెట్టుకున్నారో పరిశోధించారు. 2009లో నోబెల్ వచ్చింది, అదీ ఆర్థికశాస్త్రంలోనే! ఆ విభాగంలో తొలి మహిళ ఆవిడే.

అలాగని లెక్కలు తప్పించుకోలేం. శాతాలు, గ్రాఫులు, సగటు, కొంత సాంఖ్యకశాస్త్రం (స్టాటిస్టిక్స్) కావాలి. పీజీకి వెళ్తే కలనగణితం కూడా. డిగ్రీలో చేరేముందు పదో తరగతి లెక్కల పుస్తకం అటక మీంచి దించండి. సాంఖ్యకశాస్త్రం పాఠం అందులోనే ఉంది.