సారథ్యం ఫలమా, కర్మమా?

2025 మే 7న రోహిత్ శర్మ టెస్టు క్రికెట్‌కు సెలవు చెప్పాడు. ఐదు రోజులకు విరాట్ కోహ్లీ కూడా అదే దారి పట్టాడు. మే 24న అజిత్ అగార్కర్ నేతృత్వంలోని సెలక్షన్ కమిటీ కొత్త కెప్టెన్‌గా శుభ్‌మన్ గిల్ పేరు ప్రకటించింది. అప్పటికి గిల్‌కు పాతికేళ్లు. ఆడినవి 32 టెస్టులు, సగటు 35. చేసిన ఐదు సెంచరీలూ ఆసియాలోనే, అందులో ఒకటి మన విశాఖపట్నంలో. అంతకుముందు భారత జట్టుకు ఒక్క టెస్టులోనూ సారథ్యం వహించలేదు. అదే జట్టులో జస్‌ప్రీత్ బుమ్రా ఉన్నాడు. ఆరు నెలల కిందట పెర్త్‌లో రోహిత్ లేనప్పుడు జట్టును నడిపి, 295 పరుగుల తేడాతో ఆస్ట్రేలియాను ఓడించినవాడు. ఆ సిరీస్ మొత్తంలో 32 వికెట్లు తీసినవాడు. మూడు టెస్టులకు కెప్టెన్సీ చేసిన కేఎల్ రాహుల్ ఉన్నాడు. అందరికన్నా సీనియర్ రవీంద్ర జడేజా ఉన్నాడు. ఇంతమందిని దాటి ఒక కుర్రవాడికి పగ్గాలు ఇస్తే మిగిలినవారికి అన్యాయం జరిగినట్టేనా? క్రికెట్ అభిమానులు గణాంకాలతో తేల్చుకోవాలని చూసిన ఈ తగువు మూలంలో ధర్మాధర్మాలకు సంబంధించినది. పదవి అనేది గతంలో చేసిన పనికి దక్కాల్సిన ఫలమా? అలా దక్కకపోతే ఎవరైనా మనకు బాకీ పడ్డట్టా?

మనలో చాలామంది ఔననే అనుకుంటాం. చేసినవాడికి చేసినంత అన్నది మన రక్తంలో ఇంకిపోయిన మాట. అయితే కర్మ సిద్ధాంతాన్ని కాస్త జాగ్రత్తగా చూస్తే అది ఈ వాదానికి అండగా నిలవదు. సంచితం (ఇదివరకే చేసినది) వేరు, ఆగామి (ఇక చేయబోయేది) వేరు. బుమ్రా తీసిన వికెట్లకు ఫలం ఆ వికెట్లలోనే ఉంది, అవి తెచ్చిన గెలుపులో ఉంది, ప్రపంచం అతనికిచ్చిన పేరులో ఉంది. ఆ లెక్క చుక్కా బాకీ లేకుండా తీరిపోయింది. కెప్టెన్సీ ఆ ఖాతాలో చేరే జమ కాదు. అది ఇంకా మొదలుకాని పని. ఎనభై ఓవర్లు పూర్తవగానే కొత్త బంతి తీసుకోవాలా, ఇంకో నాలుగు ఓవర్లు స్పిన్నర్‌తోనే సాగించాలా. బాగా వేస్తున్న పేసర్ ఒంట్లో సత్తువ ఎంత మిగిలింది. డిక్లేర్ చేయాలా, ఇంకో గంట ఆడాలా. ఓడిన సాయంత్రం విలేకరుల ముందు తప్పు ఎవరి మీదికీ నెట్టకుండా ఎలా మాట్లాడాలి. ఇవన్నీ రేపటివి. నిన్నటి పరుగులు, నిన్నటి వికెట్లు ఇందులో సాక్ష్యంగా పనికొస్తాయి తప్ప హక్కుపత్రాలు కావు. సచిన్ టెండూల్కర్ అంతటి బ్యాటర్ 25 టెస్టులకు సారథ్యం వహిస్తే గెలిచినవి నాలుగే. దాంతో ఆయన బ్యాటింగ్ విలువ ఇసుమంతైనా తగ్గలేదు. అది ఒక పని, ఇది మరో పని.

మహాభారతం ఈ సంగతిని ఎంత సూటిగా పట్టుకుందో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఉద్యోగపర్వంలో పాండవులు తమ సేనాధిపతి ఎవరో తేల్చుకోవాలి. ధర్మరాజు తమ్ముళ్లను అడిగితే సహదేవుడు విరాటుడి పేరు, నకులుడు ద్రుపదుడి పేరు, అర్జునుడు ధృష్టద్యుమ్నుడి పేరు, భీముడు శిఖండి పేరు చెబుతారు. ఆ సభలో అర్జునుడి పేరు ఎవరూ ఎత్తరు. గాండీవం ఉన్నది అతని చేతిలో, పాశుపతం సాధించినది అతను, ఆ పక్షాన అతనికి సాటి విలుకాడు లేడు. అయినా పద్దెనిమిది రోజులూ అతను ధృష్టద్యుమ్నుడి సేనాధిపత్యంలోనే యుద్ధం చేశాడు. అవతలి పక్షాన భీష్ముడు పడిపోయాక దుర్యోధనుడు తర్వాత ఎవరని కర్ణుడిని అడుగుతాడు. ద్రోణపర్వంలో కర్ణుడు ఇచ్చిన జవాబు ఏ సెలక్షన్ కమిటీ అయినా గోడకు రాసి పెట్టుకోదగినది. ఇక్కడున్న రాజులందరూ తగినవారే, అందరూ ఒక్కసారే నాయకులు కాలేరు, సమానుల్లో ఒకరిని ఎంచితే మిగిలినవారి మనసు విరిగి నీ కోసం మనస్ఫూర్తిగా పోరాడరు, ద్రోణుడు అందరికీ గురువు కాబట్టి అతని విషయంలో ఎవరికీ కష్టం ఉండదు అంటాడు. ఎవరు గొప్ప అన్నది అతని ప్రశ్నే కాదు. ఎవరి కింద అందరూ మనసుపెట్టి పనిచేస్తారన్నది అతని ప్రశ్న. సేనాధిపతి అయినంత మాత్రాన మనిషి మహాత్ముడైపోడని కూడా భారతం దాచలేదు. అస్త్రం విడిచి కూర్చున్న ద్రోణుడి తల నరికినవాడు ఆ ధృష్టద్యుమ్నుడే, వద్దని వారించినవాడు అర్జునుడే.

అదే కర్ణుడు అంతకుముందు పది రోజులు యుద్ధభూమిలోకి అడుగు పెట్టలేదు. భీష్ముడు తనను అర్ధరథుడన్నాడని అలిగి, అతను ఉన్నంతకాలం ఆయుధం పట్టనన్నాడు. అవమానం నిజమైనదే. దాని మూల్యం మాత్రం అతన్ని నమ్ముకున్న సైన్యం చెల్లించింది. పదవి దక్కనివాడి ధర్మం ఏమిటన్నది, దక్కినవాడి ధర్మంకన్నా కష్టమైన ప్రశ్న అని నాకనిపిస్తుంది. దీనికి ఈ కాలపు జవాబు 2025 జూలై 14న లార్డ్స్‌లో కనిపించింది. ఇంగ్లండ్ ఇచ్చిన 193 పరుగుల లక్ష్యాన్ని ఛేదిస్తూ భారత్ ఎనిమిది వికెట్లు పోగొట్టుకుంది. క్రీజులో ఉన్నవారు జడేజా, బుమ్రా. కెప్టెన్సీకి తగరని ఎవరూ అనలేని ఇద్దరు, తమకన్నా ఎన్నో ఏళ్లు చిన్నవాడి జట్టు కోసం బంతి బంతినీ కాచుకున్నారు. బ్యాటుతో పెద్దగా పేరులేని బుమ్రా 54 బంతులు ఎదుర్కొని ఐదు పరుగులు చేశాడు. అతను అవుటయ్యాక హైదరాబాద్ కుర్రాడు మహమ్మద్ సిరాజ్ మరో 30 బంతులు నిలబడ్డాడు. చివరికి ఇంగ్లండ్ స్పిన్నర్ బషీర్ వేసిన బంతిని అతను ఆపితే, అది నెమ్మదిగా వెనక్కి దొర్లి వికెట్లకు తగిలింది. 181 బంతుల్లో 61 పరుగులతో జడేజా అజేయంగా మిగిలిపోయాడు. 22 పరుగులతో ఓడిపోయారు. ఆ 54 బంతుల్లో ఉన్నది ఫలం మీద పట్టులేని కర్మ.

దీనికి గట్టి ఆక్షేపణ ఒకటుంది. పదవి హక్కు కాదంటే, ఇచ్చేవాడు ఇష్టమొచ్చినట్టు ఇవ్వొచ్చన్నమాట. రేపటి కోసమని చెప్పి తనవాళ్లను కూర్చోబెట్టుకోవచ్చు. ఈ భయం ఊహ కాదు. 1958-59లో వెస్టిండీస్ మన దేశానికి వస్తే ఐదు టెస్టులకు భారత్ నలుగురు కెప్టెన్లను మార్చింది. ఉమ్రీగర్, హైదరాబాద్ ఆఫ్‌స్పిన్నర్ గులాం అహ్మద్, మన్కడ్, హేము అధికారి. జట్టు ఎంపికలో తన మాట చెల్లలేదని ఉమ్రీగర్ మద్రాసు టెస్టు ముంగిట తప్పుకున్నాడు. సిరీస్ 0-3తో పోయింది. అలాంటి గందరగోళం ఎదుట ‘సీనియర్‌కే ఇవ్వండి’ అనే నియమం ఎంతో న్యాయంగా కనిపిస్తుంది. కానీ ఆ నియమం పక్షపాతానికి మందు కాదు, ఆలోచించే బాధ్యత నుంచి తప్పించుకునే దారి. మందు వేరే ఉంది. హక్కు లేనిచోట కారణం చెప్పాల్సిన బాధ్యత రెట్టింపవుతుంది. గిల్ ఎంపికలో నాకు న్యాయంగా తోచింది అదే. సిడ్నీ టెస్టులో వెన్ను పట్టేసి బుమ్రా రెండో ఇన్నింగ్స్‌లో బంతి వేయలేకపోయాడు. ఇంగ్లండ్‌లో ఐదు టెస్టులూ ఆడలేడు. కెప్టెన్‌గా కన్నా బౌలర్‌గా అతను ఎక్కువ అవసరమని అగార్కర్ బాహాటంగానే చెప్పాడు. ఒకటి రెండు పర్యటనలకు కాకుండా దీర్ఘకాలానికి ఎంచామనీ చెప్పాడు. మూడు టెస్టులకు ఒకరు, రెండింటికి మరొకరు నాయకత్వం వహిస్తే జట్టుకు మేలు కాదని, తన పేరు పరిశీలించొద్దని బోర్డుకు తానే చెప్పానని బుమ్రా ఆ తర్వాత వెల్లడించాడు. ఈ కారణాలతో విభేదించవచ్చు, వాటిని తూచవచ్చు. కారణమే చెప్పని నిర్ణయాన్ని తూచడానికి రాయి దొరకదు.

మరికొందరు ఇదంతా వృథా చర్చ అంటారు. గెలిస్తే ఎంపిక మంచిది, ఓడితే చెడ్డది, అంతే కదా అని. గిల్ ఆ ఐదు టెస్టుల్లో 754 పరుగులు చేశాడు. బర్మింగ్‌హామ్‌లో 269, 161 కొట్టి, భారత్ ఎన్నడూ గెలవని ఆ మైదానంలో 336 పరుగుల విజయం అందించాడు. ఓవల్‌లో ఆఖరి ఉదయం సిరాజ్ యార్కర్‌కు అట్కిన్సన్ ఆఫ్‌స్టంప్ ఎగిరిపోయి, ఆరు పరుగులతో గెలిచి సిరీస్‌ను 2-2 చేశారు. ఎంపిక సరైనదని దేశమంతా అంది. నాలుగు నెలలు తిరక్కముందే దక్షిణాఫ్రికా వచ్చి సొంతగడ్డ మీద 2-0తో ఊడ్చేసింది. కోల్‌కతాలో మెడ పట్టేసి గిల్ మూడు బంతులకే వెనుదిరిగాడు. గువాహటిలో రిషభ్ పంత్ సారథ్యంలో 408 పరుగుల ఓటమి, పరుగుల లెక్కన మన చరిత్రలోనే పెద్దది. మే నెలలో తీసుకున్న ఒకే నిర్ణయం ఆగస్టులో ధర్మమై నవంబరులో అధర్మమైపోతుందా? 22 పరుగులు, ఆరు పరుగులు, మెడలో ఒక నరం, వీటి మీద ఊగేది ఫలితం. నిర్ణయం మంచిచెడ్డలు తేలేది అది తీసుకున్న రోజున తెలిసిన సంగతుల మీద, తీసుకున్నవారి మనసులోని నిజాయితీ మీద. గువాహటి తర్వాత కెప్టెన్‌ను మార్చాలనేవారు కూడా స్కోరుబోర్డును కాక కారణాన్ని చూపించాలి.

ఇక మిగిలింది మనిషి మనసు. పదిహేనేళ్లు ఒళ్లు హూనం చేసుకున్నవాడిని నీకు హక్కు లేదు పొమ్మనడం కర్కశం కాదా అని అడుగుతారు. కర్కశమే. ఆ బాధ పడొద్దని ఏ ధర్మమూ అనదు. 1971లో సెలక్షన్ కమిటీ చైర్మన్ విజయ్ మర్చంట్ నిర్ణాయక ఓటుతో పటౌడీని తప్పించి అజిత్ వాడేకర్‌ను కెప్టెన్ చేసినప్పుడు, పటౌడీ వెస్టిండీస్ పర్యటనకు వెళ్లలేదు. లోక్‌సభ ఎన్నికల్లో పోటీ చేశాడు. ఇరవై ఒక్క ఏళ్లకే, అప్పటి కెప్టెన్ నారీ కాంట్రాక్టర్ తలకు బంతి తగిలి కుప్పకూలిన విపత్కాలంలో, జట్టు భారం మోసినవాడు ఆయన. దూరం జరిగాడంటే తప్పు పట్టడానికి నాకు మనసొప్పదు. కానీ అక్కడే ఉండిపోలేదు. 1972-73లో ఇంగ్లండ్ వచ్చినప్పుడు, రాజుల బిరుదులు రద్దయ్యాయి కాబట్టి ‘పటౌడీ నవాబు’ కాక ఉత్త మన్సూర్ అలీఖాన్‌గా, తన పదవిలోకి వచ్చిన వాడేకర్ కింద బ్యాటింగ్‌కు దిగాడు. ఆ సిరీస్‌ను భారత్ 2-1తో గెలిచింది. రెండేళ్లకు వాడేకర్ తప్పుకుంటే సెలక్టర్లు మళ్లీ ఆయన దగ్గరికే వచ్చారు.